గెట్టు రాయి మీద యాభై వాట్లు

ఆ ఆదివారం జగపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటలకు, తాను కొత్తగా కట్టిన యాంప్లిఫయర్‌ను రేడియో సెట్టుకు తగిలించాలి. భూపాలపల్లిలో ఉన్న ప్రభాకర్ సార్‌తో నాలుగు మాటలు మాట్లాడాలి. పదింటికి ఉప్మా తినాలి.

జగపతి డోర్నకల్ జంక్షన్‌లో సిగ్నల్ మెకానిక్. సొంతూరు లింగాల ఘనపూర్. నర్సింగరావు పటేల్ ఒక్కగానొక్క కూతురు సరళను చేసుకుని, జంక్షన్‌కు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న మామగారింటికి ఇల్లటం వచ్చి ఏడాదయింది. సర్కారు లైసెన్సు తీసుకుని, తనలాంటి లైసెన్సుదారులతో ఇంట్లోంచే రేడియోలో మాట్లాడే పిచ్చి ఆయనకుంది. మాట్లాడేదేమీ ఉండదు. నేను వినపడుతున్నానా అని ఒకరు అడగడం, వినపడుతున్నావని రెండోవారు చెప్పడం, అంతే సుఖం. అయితే జగపతి సెట్టు బలం ఐదు వాట్లు. ఏడాది పాటు ఆయన అడిగాడే గాని, ఎవరూ వినపడుతున్నావని చెప్పలేదు.

"గీ డబ్బ ఏం చేస్తది?" అని అడిగింది సరళ, వెనక కొట్టంలోకి చాయ్ తెచ్చి.

"యాంప్లిఫయర్ ఇది. నా ఐదు వాట్లను యాభై చేస్తది."

"మిగిలిన నలభై ఐదు ఎక్కడికెళ్లి తెస్తది?"

జగపతి ఆమె వంక గౌరవంగా చూశాడు. లైసెన్సు పరీక్షలో కూడా ఇంత సూటి ప్రశ్న రాలేదు. "కరెంటుకెళ్లి. చెరువు తూము లెక్క అనుకో. కరెంటు చెరువుల నీళ్లు. గీ రెండు వాల్వులు తూము. నా గొంతు తూము తిప్పే చెయ్యి. చెయ్యి ఎట్ల కదిలితే నీళ్లు అట్ల దుంకుతయి."

"చెయ్యి వణికితే?"

"వణుకు గూడ పదింతలైతది."

ప్రభాకర్ సార్ ఉత్తరంలో మూడు జాగ్రత్తలు రాశాడు. సెట్టు నుంచి యాంప్లిఫయర్‌లోకి ఎక్కువ బలం పంపవద్దు, గొంతు చీలిపోతుంది. ఎర్త్ కడ్డీ లోతుగా పాతాలి. ఏరియల్ తీగకు దగ్గరలో వేరే తీగ ఉండకూడదు. ఏడాదిగా ఎవరికీ వినపడని మనిషి కనుక, జగపతి మొదటి జాగ్రత్త పక్కనపెట్టి, సెట్టు బలం పెంచే బిరడాను చివరిదాకా తిప్పేశాడు. నేల రాయిలా ఉండటంతో కడ్డీ జానెడు దిగి ఆగిపోయింది. మూడోదాన్ని మాత్రం పాటించాడు. ఇంటి మీదో వెదురుబొంగు, దొడ్లో ఇంకో బొంగు నిలబెట్టి, చుట్టూ ఏమీ లేకుండా ఏరియల్ కట్టాడు.

దాన్ని సోమనర్సయ్య చెడగొట్టాడు. సోమనర్సయ్య మైకుసెట్టు కిరాయికిచ్చే మనిషి. పెళ్లయినా దినమైనా ఆయన గుంజలు వెంట తెచ్చుకోడు. ఎదుట ఏది నిలబడి ఉంటే దానికి తీగ చుట్టేస్తాడు. ఆ పొద్దు ఇంటి ముందు సభ ఉంది. నర్సింగరావు సర్పంచి పదవికి నిలబడ్డాడు. వచ్చే ఆదివారమే ఓట్లు. పోయినసారి పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. "ఈసారి గూడ పోతే నేను గడప దాటను, నా శవమే దాటుతది" అని ఇంట్లో చెప్పి ఉన్నాడు. సోమనర్సయ్య జగపతి బొంగులను చూసి దేవుడిచ్చిన గుంజలనుకుని, వాటి పొడవునా లౌడ్‌స్పీకర్ తీగ లాగాడు.

తొమ్మిదింటికి జగపతి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తలుపేసుకున్నాడు. వాకిట్లో ఏం జరిగినా ఇక ఆయనకు వినపడదు.

"నేను గెలిస్తే వాడవాడకు నల్లా..." అని నర్సింగరావు మొదలుపెట్టాడు. మైకు గరగరలాడింది. ఏవో ఇంగ్లీషు అక్షరాలు మంత్రాల్లా గొణిగినట్టు వినపడి, ఆ వెంటనే ముక్కుతో మాట్లాడే గొంతొకటి లౌడ్‌స్పీకర్‌లోంచి పలికింది.

"ఇప్పుడన్న ఇనబడుతున్ననా?"

నర్సింగరావు నోరు మూసే ఉంది. సోమనర్సయ్య ఆ నోటి వంక చూసి, పరేషానై మైకు తీగ ఊడబీకాడు. తీగ ఊడినా గొంతు ఆగలేదు.

"ఏడాది సంది మొత్తుకుంటున్న. ఒక్కలు ఇనలే."

ఇల్లటపు అల్లుడి గొంతు ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలియదు, ఊరికేం తెలుస్తుంది? పైగా బిరడా చివరిదాకా తిప్పడంతో ఆ గొంతు చీలి, వేరే మనిషిదైపోయింది. ఎవరిదన్నది ముందు వరుసలో కూర్చున్న సత్తెమ్మ తేల్చింది.

"గిది ప్రకాశం పటేల్ గొంతు. నశ్యం పీల్చి మాట్లాడినట్టు లేదా?"

ప్రకాశం నర్సింగరావు తండ్రి. పోయి సరిగ్గా ఏడాది. బతికున్నన్నాళ్లూ కొడుకును ఒక్క మాట కూడా పూర్తి చేయనివ్వలేదు. అందుకే ఎవరికీ పెద్దగా అనుమానం రాలేదు. మగవాళ్లు తలకు చుట్టిన రుమాళ్లు తీసేశారు. నర్సింగరావు భార్య రుక్మిణమ్మ లౌడ్‌స్పీకర్ వైపు చూసి కొంగు తల మీదికి లాక్కుంది. పోటీలో ఉన్న వెంకట్రాం చాయ్ హోటల్ ముందు నిలబడి నవ్వుతున్నవాడల్లా నవ్వు ఆపాడు.

సోమనర్సయ్య చెయ్యి మైకుసెట్టు స్విచ్చు మీదికి పోయింది.

"పటేలు నోరు మూస్తవారా నువ్వు? చెయ్యి తీయ్" అని సత్తెమ్మ లేచి, లౌడ్‌స్పీకర్ కిందికి పోయి నిలబడింది. "పటేలా, మీ చేనుకు మా చెలుకకు నడిమి గెట్టు రాయి నాలుగడుగులు మా లోపటికి వచ్చింది. రెండేండ్ల సంది నీ కొడుకును అడుగుతున్న. జరిగింది ఏందో నువ్వే చెప్పు."

ఆ సమయానికి కొట్టంలో జగపతి, ఎర్త్ సరిగ్గా వేశావా అని ప్రభాకర్ సార్ పెడుతున్న చీవాట్లు వింటున్నాడు. తర్వాత సంజాయిషీ చెప్పుకున్నాడు.

"తప్పు నాదే. సరిగ పాతలే. ఇయ్యాలనే తవ్వి మల్ల పాతుత."

సభలో ఉన్న తలలన్నీ నర్సింగరావు వైపు తిరిగాయి. ఆయన మైకు పక్కన పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా గడ్డపార తెమ్మన్నాడు.

పదింటికి జగపతి వెలిగిపోతున్న ముఖంతో బయటికొచ్చాడు. వాకిట్లో కుర్చీలున్నాయి, మనుషులు లేరు. రుక్మిణమ్మ ఒక్కతే లౌడ్‌స్పీకర్ ముందు చాయ్ గ్లాసు, పాత నశ్యం డబ్బీ పెట్టి కూర్చుంది.

"ఏమైందత్తమ్మా?"

"మెల్లగ మాట్లాడు బిడ్డా. మీ తాత ఉన్నడు."

జగపతికి ఏమీ అర్థం కాలేదు. సరళ చెయ్యి పట్టి పక్కకు లాగి, జరిగిందంతా చెప్పి, "కొట్టంల మీరేం మాట్లాడిన్రు?" అని అడిగింది. చెప్పాడు. కొట్టంలో ఆయన అన్న మాటలూ, వాకిట్లో ఊరు విన్న మాటలూ ఒక్కటే. జగపతి చెప్పులు మరిచి సత్తెమ్మ చేనుకు పరుగెత్తాడు.

అప్పటికే రాయి నాలుగడుగులు వెనక్కి పోయింది. నర్సింగరావు స్వయంగా మట్టి దట్టిస్తున్నాడు. జగపతి ఆయన చెవి దగ్గర వంగాడు.

"మామా, గా గొంతు నాది. నా తీగకెళ్లి మైకు తీగలకు పోయింది. నేను మాట్లాడింది ఎర్త్ కడ్డీ సంగతి."

నర్సింగరావు గడ్డపారను నేలకు ఆనించి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"సరళకు."

"రాయి జరిపింది నేను కాదు అల్లుడా. మా నాయిన. నేను లాంతరు పట్టుకున్న. గది నాకూ ఆయినకూ తప్ప తెల్వది. గా గొంతు తప్పు నాదే అనంగనే మా నాయినే ఒప్పుకున్నడనుకున్న."

"గట్లైతే అందరికి నిజం చెప్పుమంటరా?"

"చెప్పి? రాయిని మల్ల ముంగటికి జరుపుదామా?"

జగపతి ఆలోచించాడు. అబద్ధం ఎవరు చెప్పారో, నిజం ఎవరి నోట వచ్చిందో ఆయనకు ఎంతకీ తేలలేదు.

"నువ్వు ఉప్మా తిను పో" అన్నాడు నర్సింగరావు. "బతికున్నప్పుడు ఆయిన నా మాట పూర్తి కానియ్యలే. ఇయ్యాల గూడ కానియ్యలే అనుకుంట."

ఆ రాత్రికే ఊరంతా ఒక మాట మీదికి వచ్చింది. చచ్చిన తండ్రి ఆజ్ఞకు తన చేతులతో రాయి జరుపుకున్నవాడు బతికున్నవాళ్ల మాట వినడా అని. వెంకట్రాం మర్నాటి మైకు సభను రద్దు చేసుకుని, ఇంటింటికీ తిరిగి చిన్న గొంతుతో ఓట్లడిగాడు. ఆయన తండ్రి కూడా పోయినవాడే.

నర్సింగరావు నూటపన్నెండు ఓట్లతో గెలిచాడు. ఆ వారం రోజుల్లో ఊళ్లో ఇంకో పదహారు గెట్టు రాళ్లు, ఎవరూ అడగకుండానే జరిగాయి. అందులో రెండు అంతకుముందు సరైన చోటే ఉన్నవి.