పురుగుల షెడ్డులో విదేశీ కారు

"ఈ కారు అమ్మేదే లేదు!" అని దేవరాజ్ తెగేసి చెప్పాడు. చెప్పింది అద్దంలోని తన మొహానికి. పెళ్ళాంతో మాత్రం "సరేలే, అమ్మేద్దాం" అన్నాడు.

చింతామణి పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచుకునే మనిషికి, బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన విదేశీ స్పోర్ట్స్ కారెందుకు? పెళ్ళాం హేమావతి కూడా అదే అడిగింది. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు. పొలం బాటలోకి దిగితే పొట్ట నేలకు రాసుకుని మూలుగుతుంది. ఎండకు రంగు పోతుందని, పంట దించి ఖాళీగా ఉన్న పురుగుల షెడ్డులో దాన్ని దాచాడు.

"కొత్త పురుగులు వచ్చేలోగా అది పోవాల" అని హేమావతి అమ్మకానికి ఫోన్లో ఫొటోలు పెట్టింది.

బాగేపల్లి నుంచి పురుషోత్తమ్ అనే ఆయన కారు చూడటానికి వచ్చాడు. దేవరాజ్ షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"కారు యాడుండాదప్పా?"

"లోపలే. కానీ పురుగులకు జ్వరం."

"కారు పక్కన పురుగులా?"

"దాని నీడ చల్లగా ఉంటుందప్పా!"

పురుగుకు జ్వరమంటే తిండి మానేసి, పాత పొర విడిచేదాకా కదలకుండా పడుకోవడం. అప్పుడు బయటి మనిషిని షెడ్డులోకి రానివ్వరు. పురుషోత్తమ్ ఇంట్లోనూ పురుగులున్నాయి. విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని, గొంతు తగ్గించి, "పాపం, పడుకోనీండప్పా" అని వెళ్ళిపోయాడు.

హేమావతి గడపలోంచి అంతా వింది.

"జ్వరం పురుగులకా, నీకా?"

"నాకే అనుకో! ఇన్నేళ్ళు టెంపోలో పట్టుగూళ్ళ మూటల మీద కూర్చుని శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయినాను. ఇప్పుడు మెత్తటి సీటులో కూర్చుంటాను. అమ్మను. ఏం చేసుకుంటావో చేసుకో!"

"సరే" అంది హేమావతి.

ఆమె సరే అన్నప్పుడే భయపడాలి. ఆ సంగతి దేవరాజ్‌కు తట్టలేదు.

మర్నాడు ఆమె కొడవలి తెచ్చి చేతిలో పెట్టింది. "జ్వరం విడిచినాక పురుగుకు ఆకలెక్కువ. ఊరంతా చూస్తాండారు. ఆకు కోయకపోతే నీ అబద్ధం బయటపడుతుంది."

అబద్ధాన్ని కాపాడుకోవడానికి దేవరాజ్ మూటలకు మూటలు మల్బరీ ఆకు కోశాడు. నడుం పట్టుకుని షెడ్డులోకి మోశాడు. బానెట్ మీద పరిచాడు. కారు ఒక్క ఆకూ ముట్టలేదు.

వారం తిరిగేసరికి వాకిట్లో జనం. ముందర పక్కింటి పిళ్ళప్ప, ఆయన వెనక వెదురు చంద్రికలు నెత్తిన పెట్టుకుని సగం ఊరు. పురుగు పండితే, అంటే ఆకు మానేసి గూటికి సిద్ధమైతే, ఏరి చంద్రికలకెక్కించాలి, అది గూడు కట్టుకోవాలి. ఆలస్యమైతే పంట పాడవుతుంది. అందుకే ఆ పనికి ఎవరూ పిలుపు కోసం చూడరు.

"పురుగులు పండినాయంట కదప్పా! హేమక్క చెప్పింది" అంటూ పిళ్ళప్ప తలుపు తోసేశాడు. జనంలో పురుషోత్తమ్ కూడా ఉన్నాడు. ఆయనకు ఫోన్ చేసిందీ హేమక్కే.

పిళ్ళప్ప కారును ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"ఏం పురుగప్పా ఇది! ఎన్ని చంద్రికలు కట్టినా చాలవే!"

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. దేవరాజ్ తల దించుకున్నాడు.

హేమావతి జనాన్ని తోసుకుని లోపలికి వచ్చింది. "నవ్వింది చాలు. నా మొగుడు ఆశపడి కొన్నాడు, దొంగతనం చెయ్యలేదు." బానెట్ మీది వాడిన ఆకును కొంగుతో తుడిచి, తలుపు తీసి ముందు సీటులో కూర్చుంది.

"బాగుండాది. అమ్మొద్దులే" అంది.

"నిజంగానా?"

"ఊఁ. షెడ్డు దీనికే ఇచ్చేద్దాం. రేపొచ్చే పురుగుల్ని మన గదిలో పెట్టుకుంటాను. నువ్వు దీంట్లోనే పడుకో. వెనకొక సీటుండాది కదా."

"పడుకుంటాను! నాకేం భయమా?" అని అందరూ వినేలా అరిచి దేవరాజ్ వెనక సీటులోకి దూరాడు. తల దూరింది. నడుం దూరింది. మోకాళ్ళు వచ్చి గడ్డానికి ఆనుకున్నాయి. బయటికి రావడం మాత్రం అతని చేతుల్లో లేకపోయింది. చెరో చెయ్యీ పట్టి పిళ్ళప్ప, పురుషోత్తమ్ లాగారు.

నేల మీద నిలబడ్డాక దేవరాజ్ పురుషోత్తమ్ చెయ్యి వదల్లేదు. "మీ ఇంటి ముందర నీడుండాదా అప్పా?" అని మెల్లగా అడిగి, తాళంచెవి ఆ చేతిలో పెట్టబోయాడు.

"ఆగప్పా!" అంది హేమావతి. ఆమె ఇంకా దిగలేదు. "ఈ నవ్వినోళ్ళందరి వాకిళ్ళ ముందర నుంచి కైవారం గుడి దాకా పోయొచ్చి, అప్పుడిస్తాం." మొగుడి వైపు తిరిగింది. "ఏమప్పా, చూస్తావేం? ఎక్కు."

దేవరాజ్ ఎక్కాడు. ముందు సీటులోనే.