బురుల్చా అలమరా, నా స్పీకర్లూ

తప్పు స్పీకర్లది కాదు, అలమరది. ఈ మాట మా ఆవిడ బురుల్చా మొహం మీదే అన్నాను, మీ మొహం మీదా అంటాను. టీ తాగుతూ వినండి, విన్నాక తీర్పు చెప్పండి. తీర్పు నాకు వ్యతిరేకంగా ఉంటే మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

మా ఊరు కరాకోల్‌లో ఏ పెళ్ళి జరిగినా కోముజ్ వాయించేది నేనేనని మీకు తెలుసు. మూడు తంతుల వాయిద్యం, పక్కవాడు గట్టిగా తుమ్మితే వినపడదు. నేను కళ్ళు మూసుకుని మా నాన్న నేర్పిన రాగం అందుకునేసరికి ఎవరో ఒక పెద్దమనిషి గ్లాసు పట్టుకుని లేచి దీవెనలు మొదలుపెడతాడు. ఆయన కూర్చునేసరికి మాంసం పళ్ళాలు వస్తాయి. మాంసం ముందు ఏ సంగీతమైనా దిగదుడుపే. ఇన్నేళ్ళలో నా వాయింపు మొదట్నుంచి చివరిదాకా విన్నవాడు ఒక్కడు లేడు. మా నాన్న రాగాలు నాతోనే పోతాయేమోనని బెంగ పట్టుకుంది. అందుకే ఇంట్లోనే రికార్డింగు స్టూడియో పెడతానని భీష్మించుకున్నాను.

ఉన్నది ఒకటే పెద్ద గది, అతిథులు కూర్చునే ముందు గది. బురుల్చా గది ఇస్తానంది. దానికి నేను సంతోషించి ఊరుకోవలసింది. మానిటర్ల సంగతి ఎత్తాను.

“మానిటర్లంటే?”

“స్టూడియో స్పీకర్లు. మామూలు స్పీకర్లు పాటకి పౌడరు రాసి వినిపిస్తాయి. ఇవలా కాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాయి. తప్పుంటే దాచవు, మొహమాటపడవు.”

“అలాంటిది ఇంట్లో ఒకటి ఉంది కదండీ, మళ్ళీ రెండెందుకు?” అంది తనని తాను చూపించుకుంటూ.

గది చిన్నది కాబట్టి చిన్న స్పీకర్లు చాలని దుకాణంవాడు చెప్పాడు. బురుల్చా కూడా అదే అంది. వాళ్ళిద్దరూ ఒకటే మాట అన్నాక నేను ఇంకోటి అనకపోతే మగాణ్ణెలా అవుతాను? పెళ్ళిళ్ళలో నా పక్కన డ్రమ్స్ వాయించే తిన్‌చ్‌తిక్‌ని సలహా అడిగాను. తిన్‌చ్‌తిక్ అంటే మా భాషలో ప్రశాంతత. వాళ్ళమ్మ ఆశపడి పెట్టిన పేరు, వాడు ఆ ప్రశాంతత జోలికి ఎప్పుడూ పోలేదు. “వాయిద్యం ఎలాగూ చిన్నది, స్పీకర్లయినా పెద్దవి ఉండొద్దూ?” అన్నాడు. అదీ సంగీతం తెలిసినవాడి మాట.

“ఎంతుంటాయండీ?” అంది బురుల్చా.

“గొర్రెపిల్లంత.”

వచ్చాక చూస్తే గొర్రెంత ఉన్నాయి. మోసుకొచ్చిన తిన్‌చ్‌తిక్ గుమ్మంలోనే కూలబడ్డాడు.

స్పీకర్లని ఎలా పడితే అలా పెట్టకూడదు. రెండు స్పీకర్లూ నా తలకాయా కలిసి ముక్కోణం కావాలి, మూడు వైపులా సమానంగా ఉండాలి, వెనక గోడకి ఎడం ఉండాలి. ఆ గోడ దగ్గర బురుల్చా గాజు అలమర ఉంది. అందులో వాళ్ళమ్మ ఇచ్చిన నీలం రంగు టీ కప్పులున్నాయి. స్పీకర్లు అలమరని ఆనుకున్నాయి, నా తలకాయ వెళ్ళి ఎదురుగుండా గది వెచ్చబెట్టే పొయ్యిని ఆనుకుంది.

“అలమర తీసేద్దాం,” అన్నాను.

“మా అమ్మ కప్పులు నేనుండగా ఆ గదిలోంచి కదలవు.”

“సంగీతం కోసం కూడానా?”

“మీ నాన్న రాగాలు మీకెంతో, మా అమ్మ కప్పులు నాకంత. ఆవిడ పోయాక నాకు మిగిలినవి అవేనండీ.”

మగాడు చేయవలసిందే చేశాను, శబ్దం పెంచాను.

మైకు ముందు కోముజ్ అందుకున్న మొదటి దెబ్బకే అలమరలో కప్పులన్నీ లేచి నాట్యమాడాయి. టీ కూజా మూత జారి చక్కెర గిన్నెలో పడింది. పెరట్లో కుక్క ఏడుపు లంకించుకుంది. రికార్డింగంతా నాన్నగారి రాగం మీద గలగల, గలగల. ఎవరో పెళ్ళికూతురు గాజులేసుకుని మా ఇంట్లో పరిగెత్తినట్టుంది. చిన్న స్పీకర్లయితే ఇంత అదురు ఉండదట, అది బురుల్చా అభిప్రాయం. స్పీకర్లు నిజం చెబుతున్నాయి, ఆ అలమర అబద్ధమాడుతోంది, ఇది నా అభిప్రాయం.

ఆవిడ బజారుకి వెళ్ళినప్పుడు ఒక్కో కప్పులో ఒక్కో మేజోడు కుక్కాను. గలగల ఆగిపోయింది. ఉతికిన మేజోళ్ళేనండీ, అది మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ సాయంత్రం వచ్చిన మా వీధి పెద్దాయన గుర్తుంచుకోలేదు. ఆయన ముందే బురుల్చా మాటల్లో పడి, లోపలికి చూడకుండా కప్పు దించి టీ పోసింది. పెద్దాయన గుటకేసి, పెదాలకి తగిలినదాన్ని పట్టుకుని లాగాడు. అది మడమదాకా వచ్చింది.

“ఇది మీ ఇంటి ఆచారమా నాయనా?” అన్నాడు.

బురుల్చా ఆయనకి వేరే కప్పిచ్చింది. అందులోంచి జత రెండోది వచ్చింది. ఆయన వెళ్ళాక ఆవిడ నన్ను అన్నవి మీకు చెప్పను.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అలమర వెళ్ళాల్సిందే. నేను పంపితే నేరం, ఆచారం పంపితే పుణ్యం. అప్పుడు మా అక్క కూతురు కనిషాయ్ గుర్తొచ్చింది. అక్కచెల్లెళ్ళ బిడ్డని మావాళ్ళు జేన్ అంటారు. జేన్ మేనమామ ఇంటికొచ్చి ఏది కావాలని చెయ్యి చూపిస్తే అది ఇచ్చి తీరాలి. గుర్రం అడిగినా ఇవ్వాలి, జీను అడిగినా ఇవ్వాలి. జేన్ వచ్చేకంటే ఏడు తోడేళ్ళొచ్చినా నయమని సామెత ఊరికే పుట్టలేదు.

పిల్లలకి డాన్సు నేర్పే కనిషాయ్ ఈమధ్యే కొత్తింట్లోకి మారింది. ఫోన్ చేసి, “అమ్మాయీ, వచ్చి గాజు అలమర అడుగు. మిగతాది నేను చూసుకుంటా,” అన్నాను.

“అత్తయ్య ఏమీ అనుకోదా మావయ్యా?”

“ఆచారం ముందు అత్తయ్యెంత?”

ఆదివారం కనిషాయ్ వచ్చింది. బురుల్చా ఎదురెళ్ళి ముద్దు పెట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. పిండి వేగుతున్న వాసనా, ఇద్దరి నవ్వులూ వస్తున్నాయి. నేను ముందు గదిలో మీసం దువ్వుకుంటూ కూర్చున్నాను.

నూనెలో వేగిన బోర్సోక్ ముక్కలూ మీగడా తినడం అయ్యాక, పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను. “కనిషాయ్, చాన్నాళ్ళకి వచ్చావు. వట్టి చేతులతో పంపితే నేనేం మేనమామని? ఏం కావాలో అడుగు. జేన్ అడిగింది కాదన్నవాడు మనిషే కాదు. బురుల్చా, నువ్వు వింటున్నావుగా?”

“వింటున్నానండీ. నేను అడ్డు చెప్పను, మీరూ చెప్పరు. అంతేనా?”

“అంతే.”

కనిషాయ్ గదంతా కలియచూసింది. అలమర మీద చూపు ఆగింది. నేను మీసం మెలేశాను.

“అత్తయ్య కప్పులు భలే ఉన్నాయి,” అంది. “కానీ అవి అత్తయ్య పుట్టింటివట. జేన్ హక్కు మేనమామ సొత్తు మీదే కానీ అత్తయ్య సొత్తు మీద కాదని ఇందాకే తెలిసింది. అందుకని మావయ్యా, ఆ రెండు స్పీకర్లూ ఇచ్చెయ్యి. డాన్సు క్లాసులో పిల్లలకి పాట వినపడక నా గొంతు పోతోంది.”

బురుల్చా వైపు చూశాను. ఆవిడ చాలా శ్రద్ధగా టీ పోస్తోంది.

“అవి చాలా పెద్దవమ్మా,” అన్నాను.

“హాలు కూడా పెద్దదే మావయ్యా. అత్తయ్య చెప్పింది, పెద్ద గదికే పెద్దవి నప్పుతాయట.”

తిన్‌చ్‌తిక్‌నే పిలిచి మోయించాను. వాడు రెండుసార్లు గుమ్మంలో కూలబడ్డాడు. కారు కదిలాక కుక్క తోక ఊపింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. స్పీకర్ల కోసం కాదు, నాన్న రాగాలు మళ్ళీ పెళ్ళి భోజనాల పాలయ్యాయే అని.

బురుల్చా వచ్చి పక్కన కూర్చుంది. “చిన్నవి తెచ్చుకోండి. అలమర తలుపులకి నేను గుడ్డ కట్టి ఉంచుతాను. మీరు వాయించినంతసేపూ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కానివ్వను. మీ నాన్నగారి రాగం నేనూ పూర్తిగా వినలేదు ఎప్పుడూ.”

మెత్తబడ్డాను. కానీ మెత్తబడినట్టు కనపడితే ఈ ఇంట్లో నా మాటకి ఇంకేం విలువుంటుంది? లేచి నిలబడ్డాను.

“చిన్నవా? ఈసారి అంతకంటే పెద్దవి తెస్తాను. ఏం చేస్తావో చెయ్యి.”

“తెండి,” అంది, కప్పు తుడిచి అలమరలో పెడుతూ. “మీ అక్కకి ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారు.”

మర్నాడు చిన్నవే తెచ్చాను. ఆవిడ చెప్పిందని కాదు. దుకాణంలో పెద్దవి లేవు. ఉన్నాయేమోనని నేను అడగనూ లేదు.