ఏడో అంశానికి లేచిన చెయ్యి

వాటాదారుల సర్వసభ్య సమావేశం నోటీసు అందిన మర్నాడు, ఏటా చేసినట్టే, చీరాల కటింగ్ మాస్టరు పేరయ్య తన కుడిచేతిని మణికట్టు దగ్గర మర తిప్పి ఊడదీశాడు. కొరియర్ పెట్టెలో పెట్టబోయి ఆగాడు. చెయ్యి తీయడం కొత్తేమీ కాదు. స్వయంగా రాలేని వాటాదారు తన బదులు ఓటు వేయడానికి చెయ్యి పంపుకోవచ్చునని నియమావళిలోనే ఉంది. పదకొండు రోజులకి భద్రంగా తిరిగొచ్చేది కూడా. అతన్ని ఆపింది అనుమానం.

పేరయ్య ఇరవయ్యేళ్ళ పాటు నేతబజారు బ్యాంకులో వాటాలున్న సభ్యుడు. ఆ చిన్న బ్యాంకుని సర్వమంగళ బ్యాంకు మింగేసింది. సర్వమంగళ బ్యాంకుకి యజమాని సర్వమంగళ హోల్డింగ్స్ అనే కంపెనీ. ఆ కంపెనీకి యజమానులు, పాత వాటాలకి బదులు దాని వాటాలు పుచ్చుకున్న పేరయ్యలాంటి లక్షమంది. ఈ వరస ప్రకారం బ్యాంకు తనదే కదా అని ఒకసారి వెళ్ళి మేనేజరు గదిలో దర్జాగా కూర్చున్నాడు. "మీరు కంపెనీకి యజమానండీ, బ్యాంకుకి కాదు. టోకెను తీసుకుని బయట కూచోండి," అన్నాడు మేనేజరు. యజమాని హక్కులు మూడని అప్పుడే తెలిసింది. కంపెనీ మూతపడితే అందరూ తీసుకోగా మిగిలింది తీసుకోవచ్చు. డైరెక్టర్లకి ఇవ్వబుద్ధయినప్పుడు ఇచ్చింది పుచ్చుకోవచ్చు. చెయ్యి ఎత్తవచ్చు. మొదటి రెండూ దేవుడి మీద వదిలేసి, పేరయ్య మూడోదాన్ని ఏటా తప్పకుండా వాడుకుంటున్నాడు.

అయితే తిరిగొచ్చిన చెయ్యి మీద అతనికి నమ్మకం కుదిరేది కాదు. ప్రతిసారీ టేపు పెట్టి కొలిచేవాడు. పోయినేడు మధ్యవేలు నూలుపోగంత ఎక్కువ తేలింది. గోళ్ళు ఎవరో శుభ్రంగా తీసి పంపారు. అంతకన్నా చిత్రం, భార్య తులశమ్మ "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే మొగుడు నోరు విప్పేలోగా ఆ చెయ్యి నిటారుగా లేచేది. రెండు నెలలు చప్పిడి కూర తిన్నాడు పాపం.

ఈ ఏడాది నోటీసులో ఏడో అంశం ఇలా ఉంది: "సభ్యుల సౌకర్యార్థం, ఏటేటా రాకపోకల శ్రమ లేకుండా, ప్రతినిధి చేతులను సంస్థ వద్దనే శాశ్వతంగా భద్రపరచుట."  శ్రావణమాసం జాకెట్లు కొట్లో గుట్టగా పడి ఉన్నాయి. కత్తెర పట్టే చెయ్యి అదొక్కటే.

"అసలు పంపకుండా ఊరుకోరాదూ?" అంది తులశమ్మ.

"పంపకపోతే ఒప్పుకున్నట్టే లెక్కంట. కింద సన్నక్షరాల్లో ఏశారు."

ఇక చేతికి చదువు చెప్పక తప్పలేదు. తులశమ్మ ఏడో అంశం పైకి చదివేది. చెయ్యి లేవబోయేది. పేరయ్య ఎడంచేత్తో చెక్క స్కేలు తీసుకుని వేళ్ళ మీద ఒక్కటిచ్చేవాడు. అయిదో రోజుకి ఏడో అంశం అనగానే చెయ్యి బల్లకి కరుచుకుని పడుకోవడం నేర్చింది. అప్పుడు బొటనవేలి మొదట్లో, జాకెట్లు తారుమారు కాకుండా గుర్తు కుట్టినట్టే, ఎర్రదారంతో ఒక ముడి వేసి పంపాడు. అయినా మనసొప్పక, సమావేశం నాటికి తనే హైదరాబాదు బండి ఎక్కాడు.

హాలు ముందు బల్ల దగ్గరున్న అమ్మాయి రిజిస్టరు చూసింది. "మీరు లోపలికి వెళ్ళడానికి లేదు సార్. మీ చెయ్యి ఆల్రెడీ హాజరైంది. ఒక వాటాకి రెండు హాజరులు వెయ్యం."

"అది నా చెయ్యేనమ్మా."

"అందుకే సార్."

అద్దాల తలుపులోంచి చూడనిచ్చింది, ఆ మాత్రం మర్యాద ఉంది. లోపల కుర్చీకో చెయ్యి చొప్పున వందల చేతులు కూర్చుని ఉన్నాయి. ఛైర్మను ప్రసంగం ముగించగానే పక్కపక్క చేతులు జతకట్టి చప్పట్లు కొట్టాయి. మూడో వరసలో ఎర్రముడి కనబడింది. మొదటి ఆరు అంశాలకీ ఆ చెయ్యి అందరితోపాటే లేచింది. ఏడో అంశం చదివారు. హాలంతా చేతులు లేచాయి. ఎర్రముడి చెయ్యి మాత్రం కుర్చీని కరుచుకుని పడుకుంది.

"నా బంగారమే!" అన్నాడు పేరయ్య. 

ఛైర్మను మూడో వరస వైపు చూసి, తొందరేమీ లేనట్టు ఆగాడు. అటూ ఇటూ ఉన్న రెండు చేతులు కిందికి వంగి, పలకమీద పసివాడి చేత ఓనమాలు దిద్దించినంత మెల్లగా, పేరయ్య చేతిని పట్టుకుని పైకెత్తాయి. తీర్మానం ఏకగ్రీవమని ప్రకటించారు.

"నేనొప్పుకోలేదమ్మా! పక్కోళ్ళు లేపారు, నా కళ్ళతో చూశా," అన్నాడు పేరయ్య.

"లేచింది కదా సార్. ఎవరు లేపారన్న కాలమ్ రిజిస్టర్లో లేదు," అంది ఆ అమ్మాయి, మంచినీళ్ళ సీసా ఇస్తూ.

ఆ ఏడంతా అతను ఎడంచేత్తోనే కత్తెర పట్టాడు. చంకల్లో పట్టేస్తోందని ఆడవాళ్ళు సణిగారు, సగంమంది వేరే కొట్టు చూసుకున్నారు. కంపెనీకి రాసిన పదకొండో ఉత్తరానికి జవాబొచ్చింది. భద్రపరచిన చెయ్యి వాపసు కావాలంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం గెలవాలి. భద్రపరచిన చేతుల ఓటు సంస్థదే. కాబట్టి సభ్యుడు తన దగ్గర మిగిలిన చేతిని పంపుకోవచ్చును.

పేరయ్య ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, ఎడంచేతిని భార్య ముందు చాపాడు. తులశమ్మే మర తిప్పి ఊడదీసింది.

"ఇదన్నా మన మాట వింటదంటావా?" అంది.

"ఇనకపోయినా పంపాలి గందే. ఉన్నదొక్క హక్కు, వదులుకుంటామా?" కొరియర్ వెళ్ళిపోయాక ఆమె చేతులకేసి కాసేపు చూసి అన్నాడు, "నీ పేరున కూడా ఓ పది వాటాలు తీసుకోవాల్సిందే. మన పక్కన ఇంకో ఓటుంటే మంచిది."

తులశమ్మ రెండు చేతుల్నీ కొంగు కింద దాచేసుకుంది. అన్నం వేళకి బయటికి తీయక తప్పలేదు. ముద్ద కలిపి ఇద్దరి నోటికీ అందించడానికి ఇంట్లో మిగిలిన చేతులు ఆ రెండే.