నీడ కొలిచిన వేళ

తూర్పు దేశం నుంచి వచ్చిన రెండు వందల పన్నెండో నంబరు మబ్బు, కాగితాల్లో రాసినదానికంటే పెద్దదిగా ఉందని గురువారం ఉదయం గుండ్లకనుమ చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు.

మబ్బు ఆగింది. ఆ దేశపు మబ్బులు చెప్పిన మాట వింటాయని చెక్‌పోస్టులో మంచి పేరే ఉంది. దాన్ని తోలుకొచ్చిన గాలికి పర్మిట్టు ఒక్కరోజుకే కాబట్టి, సాయంత్రం ఐదు కాగానే అది సంతకం పెట్టించుకుని వెనక్కి వెళ్లిపోయింది. మబ్బు మాత్రం లారీల యార్డు మీద, సిమెంటు లారీకీ ఉల్లిపాయల లారీకీ మధ్య, వరుసలో తన చోట నిలబడింది.

ఆ రెండు లారీలు కూడా ఊరికే లేవు. రెండు దేశాలకూ మొదట ఉల్లిపాయల దగ్గర మాటా మాటా వచ్చింది, తర్వాత సిమెంటు దగ్గర పెరిగింది. ఆపైన వాతావరణం మీద జరిగిన పెద్ద సభలో, ఎండలు ముదరడానికి నీ పొగ కారణమంటే నీ పొగ కారణమని ఇద్దరు మంత్రులూ వాదించుకుని, భోజనాలు వేరువేరు గదుల్లో చేశారు. మబ్బుతోపాటు మీ ఫ్యాక్టరీల మసి కూడా వస్తోందని పడమటి దేశం ముప్పై ఎనిమిది శాతం సుంకం వేసింది. మా సముద్రం నీళ్లు తాగుతూ మా మీదే పన్నా అని తూర్పు దేశం, పడమటి నుంచి వచ్చే వడగాలి మీద సుంకం వేసింది. వడగాలి కావాలని ఎవరూ అడగలేదు. అయినా దాని దిగుమతి ఏటేటా పెరుగుతోందని అక్కడి పేపర్లు గర్వంగా రాశాయి.

మబ్బును కాటా ఎక్కించలేరు కాబట్టి, నీడను కొలిచి సరుకు ఎంతో తేలుస్తారు. గుండ్లకనుమలో ఆ పని తిరుపాలుది. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. నీడను సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకు కొలవాలని నిబంధన. ఎండలు మండిపోతున్నందువల్ల పదకొండు నుంచి నాలుగు దాకా ఏ ఉద్యోగీ ఆరుబయట పనిచేయకూడదని సర్క్యులర్. రెండు కాగితాలూ నోటీసు బోర్డు మీద పక్కపక్కనే ఉన్నాయి. అందులో చిక్కు ఉందని ఆఫీసులో ఎవరికీ తోచలేదు. ఉదయం ఎనిమిదికి కొలత గొలుసు పట్టుకెళ్లి కొలవడం, వేళ అన్న గడిలో పన్నెండు అని రాయడం అందరికీ అలవాటైపోయింది.

ఉదయపు ఏటవాలు ఎండలో నీడ సాగుతుంది. కడుపు నిండిన మబ్బుకైతే ఇంకా సాగుతుంది. తూర్పు దేశం సర్టిఫికెట్టులో నలభై ఎకరాలని ఉంటే తిరుపాలు గొలుసుకు అరవై ఒకటి వచ్చింది. అంతకుముందు వచ్చిన రెండు వందల పదకొండు మబ్బులకూ ఇలాంటి తేడాలే వచ్చాయి కానీ, అప్పట్లో రెండు దేశాలకూ పొత్తు బాగుండి ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి సాయంత్రానికల్లా టీవీలో ‘ఇరవై ఒక్క ఎకరాల మోసం’ అని ఎర్రక్షరాలు తిరిగాయి.

ఆ మబ్బు పోవాల్సిన ఊరు పెదకొట్టాల. అక్కడ తిరుపాలు అక్క ఓబుళమ్మకు నాలుగెకరాల వేరుశెనగ చేను ఉంది. తల్లి పోయాక తిరుపాలును సాకింది, చదివించింది ఆవిడే. ఆదివారం ఆవిడ రాగిసంగటి మూట కట్టుకుని బస్సెక్కి వచ్చింది.

“ఏం నాయనా, మా మబ్బును ఈడ పట్టిపెట్టుకున్యారంట?”

“పెండింగులో ఉందిక్కా.”

“చేను కాయ కట్టే ఊడలు దిగే టైము. ఇంగ పది దినాల్లో వాన పదును పడకుంటే ఊడ నేల్లోకి దిగదు. రెండేండ్లు పోయింది. ఈయేడు గూడా పోతే చేను బీడు పెట్టి పట్నంలో ఇటుకలు మోసేకి పోవల్ల.”

“కొలతలో తేడా వచ్చిందిక్కా.”

“కొలిచింది ఎవురు?”

“నేనే.”

ఓబుళమ్మ తలెత్తి మబ్బును చూసింది. “నువ్వు కొలిచినావంటే తప్పు వాళ్లదేలే. నీ చెయ్యి తప్పు రాయదు” అంది. తిరుపాలు సంగటి మూటను మళ్లీ కట్టేశాడు.

సోమవారం ఆ మబ్బును వెనక్కి పంపాలంటూ దేశభక్తులు ఊరేగింపు తీశారు. బయట ఎండ నలభై ఆరు డిగ్రీలు ఉన్నందువల్ల నినాదాలన్నీ మబ్బు నీడలోనే ఇచ్చారు. నీడ జరిగినప్పుడల్లా ఉద్యమం కూడా దానివెంట జరిగింది.

ఈలోగా సరుకు తగ్గసాగింది. కస్టడీలో ఉన్న మబ్బును రోజూ కొలిచి స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. శుక్రవారం యాభై ఎనిమిది, శనివారం యాభై ఐదు. ఎండకు ఆవిరవుతోందని తిరుపాలు రాశాడు. ఆవిరి కావడానికి ఎవరు అనుమతించారో వివరణ ఇవ్వమని మెమో వచ్చింది. సర్వీసులో అదే మొదటి మెమో. మెమో వచ్చినందుకు కాదు, అక్క అన్న మాటకు అతనికి సిగ్గేసింది.

మంగళవారం అతను వివరణ రాశాడు. నీడను ఎనిమిదికి కొలిచి పన్నెండు అని రాశానని, తప్పు తనదేనని, మబ్బును వదిలేయాలని. ఆ కాగితాన్ని డిప్యూటీ కమిషనరు వామనరావు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

“రాత చాలా బాగుందయ్యా. కానీ రాజధానిలో చర్చలన్నీ నీ అరవై ఒక్క ఎకరాల మీదే నడుస్తున్నాయి. నీది తప్పంటే దేశానిది తప్పవుతుంది.”

“మరి ఎనిమిదికి కొలిచింది నిజమే కద్సార్?”

“నిజమే. దానికేదో ఒకటి చేద్దాంలే.”

చేశారు. బుధవారం గెజిట్ వచ్చింది. ఎండల తీవ్రత దృష్ట్యా గుండ్లకనుమ చెక్‌పోస్టు పరిధిలో మధ్యాహ్నం పన్నెండు గంటలు ఇకనుంచి, మరియు ఇంతకుముందు నుంచీ, ఉదయం ఎనిమిదికే అవుతాయని అందులో ఉంది. దాంతో తిరుపాలు తప్పు తప్పు కాకుండా పోయింది. క్యాంటీనువాడు ఎనిమిదింపావుకు అన్నం వడ్డించడం మొదలుపెట్టాడు.

గురువారం ఆ కొత్త మధ్యాహ్నంలో ఇరుదేశాల అధికారుల ముందు మబ్బును మళ్లీ కొలిచారు. నలభై ఎకరాలు వచ్చింది. ఒక్క సెంటు ఎక్కువా లేదు, తక్కువా లేదు. మా సర్టిఫికెట్టు నిజమని తేలిందని తూర్పు దేశం ప్రకటించింది. మా ఒత్తిడికి లొంగి ఇరవై ఒక్క ఎకరాలు తగ్గించుకున్నారని పడమటి దేశం ప్రకటించింది. రెండుచోట్లా మిఠాయిలు పంచారు. తిరుపాలు ఫోను చేసి “వదిలేస్తాండారక్కా” అంటే, ఓబుళమ్మ అవతలి నుంచి ఏడ్చింది.

అయితే ఇంత పెద్ద విజయాన్ని గుమాస్తాల చేత వదిలించడం బాగుండదు. ఇద్దరు మంత్రులూ కలిసి జెండా ఊపాలి. ఇద్దరికీ కుదిరిన రోజు పన్నెండు రోజుల తర్వాత వచ్చింది.

ఆ రోజున షామియానా వేశారు. మంత్రులు జెండా ఊపారు. పైన ఆకాశం శుభ్రంగా, నీలంగా ఉంది. తిరుపాలు రిజిస్టరులో అంతకు నాలుగు రోజుల ముందే సున్నా పడింది. కానీ విడుదల ఉత్తర్వు నలభై ఎకరాలకు తయారై ఉంది కాబట్టి నలభై ఎకరాలూ విడుదలయ్యాయి. సరుకు మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు పెదకొట్టాలలో కురుస్తుందని ఉత్తర్వులో రాశారు. వాన అందిన ఊరు కాబట్టి ఆ ఊరి పేరును కరువు జాబితా నుంచి తీసేశారు.

అందినట్టు రైతుల చేత వేలిముద్ర వేయించుకురావడం తిరుపాలు వంతు. మర్నాడు అతను పెదకొట్టాల వెళ్లేసరికి దారి పొడవునా చేలు మాడి, గాలికి గలగలమంటున్నాయి. ఓబుళమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన ఇటుకల పనికి పోవడానికి కట్టుకున్న మూట ఉంది. తమ్ముడు కాగితం చదివి వినిపించాడు.

“ఎంత పడిందంట?”

“పదును పడినంతక్కా.”

“నువ్వే రాసినావా?”

“నేనే రాసినా.”

“అయితే పడినట్టేలే” అని ఓబుళమ్మ వేలు చాచింది. అతను ఆ వేలికి సిరా పూశాడు. చిన్నప్పుడు పలక మీద తనచేత అక్షరాలు దిద్దించిన వేలు అది. ముద్ర స్పష్టంగా పడింది.

తర్వాత ఆవిడ పొద్దు వంక చూసింది. “నాలుగైతాంది. తీగె మింద బట్టలు తీయి నాయనా.”

తిరుపాలు లేచి బట్టలు తీశాడు. అవి ఎండకు అట్టకట్టి ఉన్నాయి. మడతపెట్టి లోపల పెట్టాడు. అక్క మూటను కూడా అరుగు మీద నుంచి చూరు కిందికి జరిపాడు.

“బస్సుకు ఎప్పుడు పోతావక్కా?”

“వాన నిలిచినంక” అంది ఓబుళమ్మ.

అతను వీధిలోకి చూశాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఊరి జనమంతా చూరుల కింద గోడలకు ఆనుకుని, కాళ్లు లోపలికి లాక్కుని నిలబడి ఉన్నారు. తిరుపాలు కూడా అక్క పక్కన నిలబడి, గడియారం చూసుకుని, వేళ అన్న గడిలో నాలుగు అని రాశాడు.