నోటి రుచి పోయింది

లిఫ్ట్ మెకానిక్ ఆ రోజు పొద్దున్నే లేచి వేసుకున్న పథకం చాలా చిన్నది. శనగలు మెత్తగా ఉడకబెట్టాలి, ఇంత ఉప్పు వెయ్యాలి, మంచం మీదున్న భార్య చేత గిన్నె ఖాళీ చేయించాలి, పనికి పోవాలి. నిన్నా అదే పథకం. మొన్నా అదే. ఒక్కరోజు కూడా నెరవేరలేదు.

ఆవిడకు కడుపులో పెద్ద ఆపరేషన్ అయింది. తర్వాతి విడత మందు ఎక్కించాలంటే ఒంట్లో కాస్త కండ పట్టాలని, లేకపోతే ఆ మందుకు మనిషి తట్టుకోదని డాక్టరు చెప్పాడు. "మాంసం ముట్టరు కాబట్టి ప్రొటీన్ ఉన్నవి బాగా పెట్టండి. శనగలూ అవీ..." అంటుండగానే ఆయనను ఎవరో పిలిచారు, ఆయన వెళ్ళిపోయాడు. ఆ 'అవీ' ఏమిటో మెకానిక్ అడగలేదు. ఇన్నేళ్ళ లిఫ్టు పనిలో అతనికి అబ్బిన గుణం అది. చెప్పిన బోల్టు చెప్పిన చోట బిగించాలి. సొంత తెలివి వాడితే జనం ప్రాణాల మీదికొస్తుంది. అందుచేత మూడు పూటలా శనగలే. తాలింపు వెయ్యడానిక్కూడా అతనికి చేతులు రాలేదు. నూనె పడుతుందో పడదో ఎవరికి తెలుసు?

"ఈ గిన్నె తీసెయ్యండి," అంది ఆవిడ గోడవైపు తిరుగుతూ.

"నాలుగు గింజలు నోట్లో వేసుకోవే. నాలుగంటే నాలుగే."

"గుర్రానికైనా అప్పుడప్పుడూ గడ్డి మారుస్తారండీ."

"డాక్టరు గారు చెప్పారు కదా."

"అయితే డాక్టరు గారినే తినమనండి. నా నోటికి ఇదీ మట్టీ ఒకటే. రుచే పోయింది. నన్నిలా వదిలెయ్యండి."

దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. మందు మొదలైనప్పటి నుంచి ఆవిడకు వెలుతురు పడటం లేదు. పడుకుంటే అలా తల దాకా కప్పుకునే పడుకుంటుంది. మెకానిక్ గిన్నె మీద మూత పెట్టి, "మధ్యాహ్నం వచ్చి వేడి చేసి పెడతాలే," అని దుప్పటితో చెప్పి బయటపడ్డాడు.

మెట్ల మీద పై అంతస్తు టీచరమ్మ ఎదురైంది. మెకానిక్ ఇంటి రెండో తాళంచెవి ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉంటుంది. "ఎలా ఉందండీ ఇప్పుడు?" అని అడిగింది. "అలాగే ఉందండీ," అన్నాడు. "పాపం," అని ఆవిడ పైకి వెళ్ళిపోయింది. ఈ సంభాషణ కూడా రోజూ జరిగేదే. అందరూ మెట్ల మీదే అడిగేవారు. లోపలికి వచ్చి కూర్చునేవారు లేరు. చెడ్డవాళ్ళని కాదు. జబ్బు మనిషి ముందు కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక జంకేవారు. అంతెందుకు, భార్య సొంత అక్క రెండు వీధుల అవతల ఉంటుంది. ఆసుపత్రికి ఒక్కసారి వచ్చి, చెల్లెలి నున్నటి తల చూసి, కళ్ళనీళ్ళ పర్యంతమై పారిపోయింది. మళ్ళీ కనపడలేదు.

ఆ రోజు పని ఒక బట్టల దుకాణంలో. లిఫ్టు అడుగున ఉండే గోతిలో దిగి, స్ప్రింగులకు గ్రీజు రాస్తూ మెకానిక్ ఆలోచించాడు. ఇలా అయితే మనిషి దక్కదు. రకరకాలుగా వండి పెట్టేవాళ్ళు కావాలి. వంటలో వదినది అందె వేసిన చెయ్యి. రాదేమో, కానీ అడగడానికేం? గ్రీజు చేతులతోనే ఫోను తీశాడు.

"వదినా, నేనే. మీ చెల్లెలికి నోటి రుచి పోయింది వదినా. పొద్దున్న ముఖం మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. ఇక నా ఒక్కడి వల్ల కాదు. నలుగురూ తలో చెయ్యీ వెయ్యాలి. మీరు వెంటనే రండి. వచ్చేటప్పుడు రకానికొకటి వండి తీసుకురండి. పనీర్ అయినా సరే, సోయా అయినా సరే. పెసలు మాత్రం నానబెట్టడం మరిచిపోకండి."

అతను చెప్పింది ఇది. కానీ నాలుగు పక్కలా ఇనుమూ సిమెంటూ ఉన్న గోతిలోంచి మాట సగం పైకి రాలేదు. అవతల వదినకు వినపడింది వేరు: "మీ చెల్లె... పోయింది వదినా. పొద్దున్న... ముఖం మీద దుప్పటి కప్పు... నా ఒక్కడి వల్ల కాదు. నలుగురూ... వెంటనే రండి..." ఆ తర్వాత ఏం చిత్రమో, పనీరు, సోయా, పెసలు మాత్రం గంట కొట్టినట్టు స్పష్టంగా వినపడ్డాయి. అంతలో ఫోను తెగిపోయింది.

వదిన కాసేపు గోడకు చేరగిలబడి ఏడ్చింది. మరిదికి ఫోను చేస్తే కలవలేదు. చెల్లెలికి ఫోను చెయ్యాలన్న ఆలోచన రాలేదు. పోయినవాళ్ళకు ఎవరు చేస్తారు? టీచరమ్మకు చేసింది. మరిది పనిచేసే ఆఫీసుకు చేసింది. చేసిన ప్రతిచోటా చివర్లో ఒక మాట గొంతు తగ్గించి చెప్పింది.

"మనిషికి మతి చలించినట్టుందమ్మా. పెళ్ళాం పోయిన దుఃఖంలో పనీర్ అంటున్నాడు, పెసలంటున్నాడు. ఏమంటే అది చేసి పెడదాం. కాదనకండి. ఈ సమయంలో ఎదురు చెబితే ఏమవుతాడో ఏమో!"

మాటకు కాళ్ళొచ్చాయి. టీచరమ్మ బడికి సెలవు చెప్పి పొయ్యి వెలిగించింది. కింది వాటాలోని రొట్టెల దుకాణం ఆయన కళ్ళు తుడుచుకుంటూ వేరుశనగలూ నువ్వులూ కలిపి రొట్టె పిండి పిసికాడు. ఇవేవీ తెలియని మెకానిక్ గోతిలో కూర్చుని, వదిన వస్తుందా రాదా అని గ్రీజు డబ్బాతో గొణుక్కుంటున్నాడు.

మధ్యాహ్నం కావస్తుండగా పైనుంచి తల ఒకటి వంగింది. సూపర్‌వైజరు. మీసాలాయన అని పిలుస్తారు అందరూ. ఆ మీసాల కిందినుంచి తిట్టు తప్ప మరొకటి వచ్చిన దాఖలా లేదు.

"పైకి రా బాబూ," అన్నాడు.

'బాబూ' వినగానే మెకానిక్‌ ఉద్యోగం ఊడిందనుకున్నాడు. పైకెక్కాడు. మీసాలాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. గ్రీజు అంటుకున్నా తియ్యలేదు.

"ఇంటికి పద. నా బండిలో దింపుతాను."

"ఎందుకు సార్? ఏం తప్పు చేశాను?"

"నీ తప్పేముందయ్యా, మన చేతుల్లో ఏముంది? గుండె దిటవు చేసుకో. పోయినవాళ్ళతో మనమూ పోలేం కదా."

"ఎవరు పోయారు సార్?"

మీసాలాయన కళ్ళు చెమ్మగిల్లాయి. మతి చలించిందన్న మాట నిజమే అనుకున్నాడు. "నీ భార్య, నాయనా. మీ వదిన గారు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పారు."

మెకానిక్ నమ్మేశాడు. తన మాటే ఊరంతా తిరిగి తన దగ్గరికే వచ్చిందని అతనికెలా తెలుస్తుంది? తను పిలిస్తే వదిన వెళ్ళింది, వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అంతే అనుకున్నాడు. పొద్దున గోడవైపు తిరిగినప్పుడే తనకు అర్థం కావలసింది. "నన్నిలా వదిలెయ్యండి" అందే! అన్న మాట విని శనగల గిన్నె మీద మూత సర్దుకుని వచ్చాడు తను.

బండి కదిలింది. కిటికీలోంచి కూరగాయల దుకాణాలు, పాలకేంద్రం, పప్పులు పోసుకుని కూర్చున్న బస్తాలు వెనక్కి పోతున్నాయి. ఎర్రవీ, పచ్చవీ, తెల్లవీ, నల్లవీ. ఇన్ని రకాలున్నాయా లోకంలో? రోజూ ఇదే దారిన పోతూ వచ్చాడు. ఒక్కసారి దిగి "జబ్బు మనిషికి ఏది పెట్టొచ్చమ్మా" అని అడిగితే ఎవరైనా కొడతారా? అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ముఖం నిండా గ్రీజయింది.

ఒక మలుపులో మీసాలాయన బండి ఆపి, తన ఇంట్లోంచి మూత బిగించిన గిన్నె ఒకటి తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

"పనీరు, బఠాణీలు. నువ్వు అడిగావట కదా."

మెకానిక్ ఆయన ముఖంలోకి చూశాడు. తన దుఃఖం చూసి పాపం సూపర్‌వైజరుకే మతి పోయిందనుకున్నాడు. గిన్నె జారిపోకుండా పట్టుకున్నాడు.

ఇంటి గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. ఆ గుమ్మం అన్ని చెప్పులను ఏ రోజూ చూడలేదు. ముందు గదిలో బల్ల మీద మూతలు పెట్టిన గిన్నెలు, చుట్టూ తలలు వంచుకున్న మనుషులు. పడకగది గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని వదిన బావురుమంటోంది. లోపలికి ఎవరూ వెళ్ళలేదు. గుమ్మంలోంచి ముఖం మీద దుప్పటి కనపడింది. అది చాలింది.

"బంగారం లాంటి పిల్ల! నా పెళ్ళిలో నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని తిరిగిన పిల్ల! ఒక్కనాడైనా వచ్చి నీ పక్కన కూర్చోలేదే, నేనేం అక్కనే తల్లీ!" అని, మరిదిని చూసి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వచ్చావా నాయనా. పెసలు నానబెట్టాను. అల్లం వేసి రుబ్బి, బిళ్ళలు కాల్చి తెచ్చాను. నువ్వేం దిగులు పెట్టుకోకు."

మెకానిక్ లోపలికి వెళ్ళి తలుపు వేశాడు. మంచం అంచున కూర్చున్నాడు. దుప్పటి తియ్యడానికి ధైర్యం చాలలేదు. దుప్పటి మీదినుంచే పాదాలు తడుముతూ మాట్లాడాడు.

"నాకు చేతకాలేదే. భయమేసింది. ఏది కలిపితే నీకేమవుతుందోనని, ఆ ఒక్కదాన్నే పట్టుకు వేళ్ళాడాను. నువ్వు వద్దన్న ప్రతిసారీ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేవాణ్ణి. నీకు చెప్పలేదు. నువ్వేదడిగినా చేసేవాణ్ణే, నాకు రాకపోయినా నేర్చుకునేవాణ్ణే..."

"చేతులకు గ్రీజు," అంది దుప్పటి. "ఉతికిన దుప్పటండీ అది."

మెకానిక్ మంచం మీంచి కింద పడ్డాడు.

ఆవిడ దుప్పటి కళ్ళ దాకా దించింది. "అరవకండి. మా అక్క ఏడుపుకు మెలకువొచ్చింది. మీకేమైనా అయిందేమోనని గుండె ఆగినంత పనైంది. తీరా వింటే నా గురించే. మంచి మాటలు చెబుతోంది కదా, మధ్యలో ఎందుకు అడ్డుపడాలని ఊరుకున్నాను. ఇంకా చాలా ఉండేవి, మీరొచ్చి చెడగొట్టారు."

అతను నవ్వాడో ఏడ్చాడో అతనికే తెలియలేదు. నేల మీద కూర్చునే ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి గ్రీజు సంగతి ఆవిడ ఎత్తలేదు.

"ఇంతకీ ఎంతమంది వచ్చారు?"

"మెట్ల దాకా ఉన్నారే."

"నేను పోయానని వచ్చారు." ఆవిడ దుప్పటి గడ్డం దాకా దించింది. "ఉన్నప్పుడు ఒక్కరూ రాలేదండీ."

తలుపు అవతల వదిన మళ్ళీ రాగం అందుకుంది.

"అదేం వాసన?" అంది ఆవిడ ఉన్నట్టుండి.

"అల్లమేమో. మీ అక్క పెసలతో ఏదో చేసిందిట."

"నాకు తెలుస్తోంది," అంది నెమ్మదిగా. "వాసన తెలుస్తోందండీ. నన్ను లేపండి."

భర్త భుజం ఆసరాతో ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి టీచరమ్మ చేతిలో గరిటె కింద పడింది. మీసాలాయన ఎందుకో టోపీ తీసేశాడు. వదిన చెల్లెల్ని కిందినుంచి పైదాకా చూసి, మరిది వైపు తిరిగింది.

"పోయిందన్నావు కదా!"

"రుచి వదినా! నోటి రుచి పోయిందన్నాను!"

"ఆ మాట కాస్త గట్టిగా చెప్పి ఏడవలేకపోయావా! పొద్దుటి నుంచి నేను ఎంత మందికి చెప్పాను, ఎన్ని పెసలు రుబ్బాను!" అని చేతికందిన గుడ్డతో అతన్ని రెండు బాదింది. మూడోది బాదలేక చెల్లెల్ని కావలించుకుని, ఇన్నాళ్ళూ చూడలేకపోయిన ఆ నున్నటి తల మీద చెయ్యి పెట్టింది.

"ఈ తల చూసి భయపడ్డానే. రాలేకపోయాను."

"నాకూ అద్దంలో రోజూ కనపడుతోంది కదా అక్కా. నేనెక్కడికి పారిపోయాను?"

ఏడవడానికి వచ్చినవాళ్ళు ఎలా వెళ్ళిపోవాలో తెలియక కూర్చుండిపోయారు. ఆవిడ బల్ల ముందు కూర్చుని అన్ని మూతలూ తీయించింది. పెసర బిళ్ళ ఒకటిన్నర తింది. టమాటాలో మగ్గిన చిక్కుడు గింజలు రెండు చెంచాలు. రొట్టె ముక్క పెరుగులో ముంచుకుని తింది. పనీరు కాస్త ఉప్పెక్కిందని మొహమాటం లేకుండా చెప్పింది. మీసాలాయన తలొంచుకుని, రేపు తగ్గించమని చెబుతానన్నాడు.

ఆ 'రేపు' అన్న మాట టీచరమ్మ పట్టేసుకుంది. తరగతి నడిపినట్టు అక్కడికక్కడే ఇంటికో రోజు వంతు వేసేసింది. వచ్చినవాళ్ళు గిన్నె గుమ్మంలో ఇచ్చి వెళ్ళకూడదు, కూర్చుని ఆవిడతో పాటు తినాలి. అదీ నియమం. రోజుకో రకం, రోజుకో మనిషి. ఏం మాట్లాడాలన్న బెంగ లేకుండా పోయింది. ఉప్పూ కారం గురించే బోలెడు మాటలుండేవి.

ఆవిడకు కండ పట్టింది. డాక్టరు మందు ఎక్కించాడు. ఆ మందు ఒక చలికాలం ఇచ్చింది, ఒక ఎండాకాలం ఇచ్చింది. అంతకు మించి ఇవ్వలేకపోయింది. వానలు మొదలైన ఒక మధ్యాహ్నం, తలుపులన్నీ తెరిచి ఉన్న ఇంట్లో, అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఆవిడ వెళ్ళిపోయింది. అంతకు కాసేపటి ముందే, చారులో మిరియం ఎక్కువైందని చెప్పింది.

వంతులు మాత్రం ఆగలేదు. ఆపుదామని ఎవరికీ మనసొప్పలేదు. ఒంటరి మనిషి ఏం తింటాడోనని రోజుకొకరు వచ్చి కూర్చుని శనగలో సోయానో పెసలో కొసరి కొసరి వడ్డిస్తారు. అతను గిన్నె ఖాళీ చేసి, బాగుందంటాడు. అతనికి చిన్నప్పటి నుంచి పప్పుదినుసులంటే పడదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది.