రహస్య మడుగు సంరక్షణ సంఘం

ఒక పెద్ద అడవిలో, అంటే పులులు కూడా అప్పుడప్పుడు దారి అడగాల్సినంత పెద్ద అడవిలో, రెండు గుట్టల నడుమ ఎవరికీ తెలియని మడుగు ఒకటి ఉండేది. ఎవరికీ అంటే మునకయ్యకు తప్ప.

మునకయ్య నీటికుక్క. చేపల వేటలో తనను మించినవాడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకం అడవిలో అందరికీ కలగాలని అతని కోరిక. వచ్చిన చిక్కంతా ఆ కోరికతోనే.

పైనుంచి చూస్తే ఆ మడుగులో ఏమీ లేదు. లోపలికి దిగితేనే దాని అందం. ఎప్పుడో గాలివానకు కూలిన మద్దిచెట్టు ఒకటి కొమ్మలతో సహా అడుగున పడి ఉంది. దాని పక్కన బండరాళ్లు ఒకదాని మీద ఒకటి. ఆ రాళ్లు దాటగానే మోకాలి లోతు నీళ్లు కాస్తా ఏనుగు మునిగేంత లోతవుతాయి. ఆవలి గట్టున వెదురు వేళ్లు నీళ్లలోకి వేలాడుతుంటాయి. మధ్యలో నాచు, తామరకాడలు. చేప నీళ్లలో ఉంటుందని తెలియనివాళ్లు అనుకుంటారు. ఉత్త నీళ్లలో ఏ చేపా ఉండదు. ఏదో ఒకదాని చాటున ఉంటుంది.

మద్దిచెట్టు తొర్రలో ఒక ముసలి కొర్రమీను కాపురం. మునకయ్య రోజూ తెల్లవారగానే వచ్చి ముందు దాన్నే పలకరించేవాడు.

"ఏం బావా, లేచావా?"

"నువ్వు గుట్ట దిగుతున్నప్పుడే లేచాను బావా. నీ నడకకు రాళ్లు కూడా లేస్తాయి," అనేది కొర్రమీను లోపల్నుంచి.

మునకయ్య ఒక్క దూకు దూకేవాడు. కొర్రమీను తొర్ర రెండో వైపు నుంచి జారి లోతులోకి వెళ్లిపోయేది. తర్వాత మునకయ్య నాచులో ఏదో ఒక చేపను పట్టుకుని ఇంటిదారి పట్టేవాడు. ఆ కొర్రమీనును పట్టాలని అతనికి ఎంత ఆశో, నిజంగా దొరికిపోతే రేపు పొద్దున ఎవరితో మాట్లాడాలా అని అంత బెంగ.

ఆ అడవి వేటగాళ్లకు ఒక ఆచారం ఉంది. పట్టిన చేపను అందరికీ చూపించాలి, పట్టిన చోటు మాత్రం చెప్పకూడదు. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పాలి. అడిగినవాడు నమ్మినట్టు తల ఊపి, మనసులో నమ్మకుండా వెళ్లిపోవాలి. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేసినట్టు కాదు, అది మర్యాద.

ఒకరోజు మునకయ్యకు తనంత పొడుగు కొర్రమీను దొరికింది. తొర్రలోది కాదు, వేరేది. చేప చిన్నదైతే ఎవరైనా అడ్డదారిన ఇంటికి పోతారు. ఇంత చేప దొరికాక అడ్డదారిన పోతే పాపం కదా. నోట కరుచుకుని ఏటి ఒడ్డున పొన్నచెట్టు దగ్గర్నుంచి కోతుల రేవు దాకా తిప్పి, రెండుసార్లు అలసట వచ్చినట్టు ఆగి, అందరూ చూశాకే ఇల్లు చేరాడు.

"చేప తెచ్చావా, ఊరేగింపు తీశావా?" అంది భార్య.

"ఎక్కడ పట్టావని అందరూ అడిగారే. ఏటికి ఎగువన అని చెప్పాను."

"ఎగువకు పోయినవాడివి దిగువ బురద కాళ్లకు పూసుకొచ్చావు. జపమ్మ నీ మొహం చూడలేదు, కాళ్లే చూస్తోంది."

జపమ్మ అంటే కొంగ. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటుంది గాని, ఆ మూసిన కళ్లకు కనబడనిది ఆ ఏటి ఒడ్డున ఏదీ లేదు. మర్నాడు మడుగు గట్టున తడి మట్టిలో కొంగ అడుగులు కనిపించాయి. మునకయ్య ఇంటికి పరుగెత్తి భార్యకు చెప్పాడు.

"ఒక్క కొంగే కదా," అంది భార్య. "నీళ్ల అంచున నాలుగు పిత్తపరిగెలు తిని పోతుంది. ఊరుకో. దారిన పోయే కంపను తగిలించుకోకు."

మునకయ్య ఊరుకోలేదు. నేరుగా అడవి పంచాయితీకి వెళ్లాడు. అక్కడికి పెద్ద ఎలుగుబంటి భల్లూకరావుగారు. ఆయన పక్కన కార్యదర్శి తొండ. ఆయన ఏమన్నా, అనకపోయినా తల ఊపడం తొండ పని.

"అయ్యా, ఒక మడుగుంది. దాని జోలికి ఎవరూ పోకూడదని చాటింపు వేయించాలి," అన్నాడు మునకయ్య.

"చాలా మంచి ఆలోచన. ఏ మడుగు?"

"అది చెప్పకూడదండి. రహస్యం."

"రహస్యమంటున్నావు, బాగుంది. ఏదో చెప్పకపోతే మేం దేన్ని కాపాడాలి?"

తొండ తల ఊపింది. మునకయ్యకు కూడా ఆ మాట సబబుగానే తోచింది. ముందుకు వంగి ఆయన చెవిలో చెప్పాడు.

"ఓహో, రెండు గుట్టల మధ్యనా?" అని భల్లూకరావుగారు గుసగుసగా అడిగారు. ఆయన గుసగుస ఏటి అవతల జింకలకు వినిపించింది.

అక్కడికక్కడే రహస్య మడుగు సంరక్షణ సంఘం ఏర్పడింది. భల్లూకరావుగారు అధ్యక్షులు. పనులు చేయించే బాధ్యత అడవిపంది కోరలయ్యకు. కాపలాకు జపమ్మను వేశారు. ఆ చోటు ముందే తెలిసినది ఆమె కనుక, కొత్తగా ఇంకొకరికి చెప్పే పని ఉండదని వాళ్ల లెక్క. మునకయ్యను వ్యవస్థాపక సభ్యుడని పిలిచారు. ఆ పిలుపు వినగానే అతని మీసాలు నిక్కాయి. జపమ్మ కాపలా ఏమిటండీ అని అడగాల్సినవాడు అడగడం మరిచిపోయాడు.

అధ్యక్షులవారు మడుగు చూడాలన్నారు. ఆయన ముళ్లలో నడవలేరు కాబట్టి కోరలయ్య బంధుబలగంతో వచ్చి రెండు ఏనుగులు పక్కపక్కన నడిచేంత బాట తీయించాడు. బాట మొదట్లో బోర్డు పాతించాడు. 'ఇచట రహస్య మడుగు కలదు. ఎవరూ రారాదు.' కింద బాణం గుర్తు.

ఎవరూ రాకూడని చోటు ఎలా ఉంటుందో చూద్దామని మర్నాటికి అడవంతా వచ్చింది.

భల్లూకరావుగారు గట్టున కూర్చుని నీళ్లలోకి తొంగిచూశారు. "చేపలేవయ్యా?"

"ఉన్నాయండి. చాటున ఉన్నాయి," అన్నాడు మునకయ్య.

"చాటున దేనికి? ఏం తప్పు చేశాయని?"

"వాటి పద్ధతే అదండి."

"ఏం పద్ధతి? కనబడని చేపను కాపాడేదెలా? రేపు ఎన్ని కాపాడారని అడిగితే నేనేం చెప్పాలి? ఈ చెట్టూ చెత్తా తీయించేయ్, కోరలయ్యా. ఆ లోతు కూడా పూడ్పించు. చేపలు పడిపోగలవు."

తొండ రెండుసార్లు తల ఊపింది.

మునకయ్య ఉలిక్కిపడ్డాడు. "అయ్యా, ఆ చెట్టు ముట్టుకోకండి. మడుగంటే ఆ చెట్టేనండి."

"ఎంతైనా నువ్వు వేటగాడివి," అన్నారు భల్లూకరావుగారు జాలిగా. "చేపల క్షేమం నీకేం తెలుస్తుంది?" అని, అప్పుడే పీకిన నాచును దండగా మెలిపెట్టి వ్యవస్థాపక సభ్యుడి మెడలో వేశారు. చుట్టూ అందరూ కేరింతలు కొట్టారు. ఆ కేరింతల్లో మునకయ్య రెండో మాట మింగేశాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఎండాకాలం, నీళ్లు తగ్గి ఉన్నాయి. కోరలయ్య అడవిదున్నలను పిలిపించి మద్దిచెట్టును ఈడ్పించాడు. బండరాళ్లు దొర్లించాడు. వెదురు వేళ్లు పెకలించాడు. ఇవన్నీ ఎక్కడ పోయాలా అని చూస్తే వెదురు గట్టు అవతల ఒక పల్లం కనిపించింది. పల్లం కనబడితే చెత్త పోయడం ఎక్కడైనా ఉన్నదే. లోతు పూడ్చడానికి మన్ను కావాలి గనుక ముందు ఆ పల్లాన్నే తవ్వి మన్ను తెచ్చాడు. తర్వాత చెట్టూ రాళ్లూ నాచూ తామర దుంపలూ అన్నీ అందులో కుమ్మరించాడు.

మడుగు కడిగిన కంచంలా తయారైంది. చేపలన్నీ నడిమధ్య ఒకదానికొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. అధ్యక్షులవారు వచ్చి, చూసి, మురిసిపోయి వెళ్లారు. జపమ్మ కళ్లు మూసుకుని కాపలా కాసింది. తెరిచినప్పుడల్లా ఒక చేప తగ్గింది.

ఒక తెల్లవారుజామున మునకయ్య ఒక్కడే వచ్చాడు. ముసలి కొర్రమీను ఉత్త నీళ్లలో, మోకాలి లోతులో కనిపించింది.

"ఏం బావా," అన్నాడు.

"ఇల్లు ఊడ్చి వెళ్లారు బావా. ఎంత శుభ్రంగా ఉందో చూడు. రా, పట్టుకో. నాకు ఎటు పోవడానికీ చోటు లేదు."

ఇన్నేళ్లుగా కావాలనుకున్న చేప చెయ్యి చాపితే అందుతుంది. మునకయ్య చెయ్యి చాపలేదు. "ఇది వేట కాదు బావా," అన్నాడు. గట్టెక్కి, వెనక్కి చూడకుండా గుట్ట దాకా నడిచి, అక్కడ కూర్చుని ఏడ్చాడు. గొప్ప కోసం ఊరేగించిన చేప, ఆ నాచు దండ అన్నీ గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది.

తొలకరి వాన కుండపోతగా కురిసింది. మడుగు పొంగి వెదురు గట్టు మీదుగా పొర్లింది. పొర్లిన నీళ్లతో చిన్నచేపలు కొట్టుకుపోయాయి. కొర్రమీనుకు తడి నేల చాలు, పాకుతూ పోతుంది. తెల్లారేసరికి మడుగులో కప్పలు మిగిలాయి.

"ఒక్క చేపా లేదంటే," అన్నారు భల్లూకరావుగారు గంభీరంగా, "కాపలా చాలలేదన్నమాట. ఇంకో నలుగురిని వేయండి." తొండ తల ఊపింది.

మునకయ్య మాత్రం గడ్డి మీద జిగురు జాడ చూశాడు. దాన్ని పట్టుకుని గట్టు దాటాడు. అవతల కోరలయ్య చెత్త పోసిన పల్లం అంచుల దాకా నిండి ఉంది. మద్దిచెట్టు ఏటవాలుగా నీళ్లలో మునిగి ఉంది. రాళ్లు పడ్డచోట పడి గుట్టగా నిలిచాయి. మన్ను తవ్విన చోట ఏనుగు లోతు. నాచు అప్పుడే పచ్చగా చిగురేస్తోంది.

తొర్రలోంచి మాట వినిపించింది. "ఏం బావా, ఇంత ఆలస్యం? రాళ్లన్నీ లేచి కూర్చున్నాయి నీకోసం."

మునకయ్య ఒక్క దూకు దూకాడు. కొర్రమీను రెండో వైపు నుంచి జారిపోయింది. మునకయ్య నీళ్లలోనే పకపకా నవ్వాడు.

ఇప్పటికీ ఆ సంఘం పాత మడుగును కంటికి రెప్పలా కాపాడుతోంది. ప్రతి సమావేశానికీ మునకయ్య అందరికంటే ముందొచ్చి, కాపలా ఇంకా పెంచాలని పట్టుబడతాడు. చేప దొరికితే ఊరేగించడం కూడా మానలేదు. మొన్న ఒక పెద్ద చేపను కరుచుకుని సరిగ్గా సంఘం ముందు అలసట వచ్చినట్టు ఆగాడు.

"ఎక్కడ పట్టావయ్యా?" అని అడిగారు భల్లూకరావుగారు.

"కోరలయ్యగారి చెత్తగుంటలోనండి."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. జపమ్మ కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది. పుట్టినప్పట్నుంచి అన్ని మాటలకూ తల ఊపిన తొండ ఆ ఒక్క మాటకు మాత్రం ఊపలేదు.

నీతి: రహస్యం దాగాలంటే నిజం చెప్పు, బయటపడాలంటే సంఘం పెట్టు.