ఇరవై ఒకటో రోడ్డు కింద రోమను పౌరుడు

పురపాలక సంఘం సున్నపుబట్టీల వీధిలో ఇరవై ఒకటో సిమెంటు రోడ్డు వేసిన రోజున వైకుంఠరావు ఇల్లు పిట్టగోడతో సహా భూమిలోకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున ఆయన మామూలుగానే నిచ్చెన ఎక్కి, రోడ్డులో ఉన్న ఇనుప మూత పక్కకి జరిపి, పాల ప్యాకెట్టు కొనుక్కుని మళ్లీ లోపలికి దిగాడు.

ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. ఆ ఊళ్లో పాత రోడ్డు తవ్వేసి కొత్తది వేసే ఆనవాయితీ లేదు. పాతదాని మీదే కొత్తది పోస్తారు. ఒక్కో రోడ్డు తొమ్మిది అంగుళాలు. వైకుంఠరావు తూనికలు కొలతల శాఖలో ఇన్స్పెక్టరుగా చేసి రిటైరైనవాడు కాబట్టి ప్రతి రోడ్డునూ స్కేలు పెట్టి కొలిచి డైరీలో రాసుకున్నాడు. ఇల్లు కట్టిన కొత్తలో వీధిలోంచి నాలుగు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లేవారు. మూడో రోడ్డుకి మెట్లు పోయాయి. పదమూడో రోడ్డుకి కిటికీలు పోయాయి. పద్దెనిమిదో రోడ్డుకి డాబా, వీధి ఒకే మట్టానికి వచ్చాయి. ఇరవై ఒకటో రోడ్డప్పుడు కూలీలు పిట్టగోడల మధ్య ఖాళీని గుంత అనుకుని కంకర పోసి పూడ్చారు. ఆ ఊళ్లో పురపాలక సంఘం పూడ్చిన గుంత అదొక్కటే.

వైకుంఠరావు దీని గురించి పెద్దగా బాధపడలేదు. నిజం చెప్పాలంటే లోలోపల కాస్త సంతోషించాడు. ఉద్యోగంలో ఉండగా ఒక కంసాలి కొట్లో తూకపు రాళ్లు తనిఖీ చేస్తుంటే, పొలంలో దొరికిందంటూ ఒక రైతు బంగారు నాణెం తెచ్చాడు. దానిమీద ఒక గడ్డంలేని మొహం, చుట్టూ అర్థంకాని అక్షరాలు ఉన్నాయి. అది రోమను నాణెమని ఆయనకి ఆ సాయంత్రం తెలిసింది. అంతే, ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్లు ఆయనకి వేరే పిచ్చి పట్టలేదు. పుస్తకాలు తెప్పించుకుని లాటిన్ సొంతంగా నేర్చుకున్నాడు. నకలు నాణేలు పోగేశాడు. పత్రికల్లో ఎవరైనా రోము గురించి ఒక్క ఏడాది తేడాగా రాస్తే సవరణ పంపేవాడు. రోమన్లు టమాటా తినేవారన్నందుకు సొంత బావమరిదితో రెండేళ్లు మాట్లాడలేదు. మార్కెట్ యార్డు వెనక దిబ్బ కింద రోమను వర్తకుల మకాం ఉండవచ్చని తవ్వకాల శాఖకి పంతొమ్మిది ఉత్తరాలు రాశాడు. తవ్వడానికి మనుషులు లేరని పంతొమ్మిదింటికీ జవాబు వచ్చింది.

"రోము కూడా ఇలాగే పూడిపోయింది హైమా," అన్నాడు ఆయన భార్యతో, ట్యూబులైటు కింద అన్నం తింటూ. "ఇళ్ల మీద ఇళ్లు, రోడ్ల మీద రోడ్లు. ఆ కాలపు నేల ఇప్పుడు ఎంతో లోతున ఉంది."

"వాళ్లకి వడియాలు పెట్టుకునే పని ఉండదు గదండీ," అంది హైమావతి.

ఎండ లేకపోవడం ఒక్కటే ఆవిడ బాధ. ఆవిడ పోరు పడలేక వైకుంఠరావు ఇల్లు పైకి తేల్చమని పురపాలక సంఘానికి అర్జీ పెట్టుకున్నాడు. వేసిన రోడ్డు తీయడానికి నిబంధన లేదనీ, కావాలంటే ఇల్లే ఎత్తు చేసుకోవచ్చనీ అక్కడి గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. నెల తిరిగేలోపు అనుమతి లేకుండా సెల్లారు కట్టినందుకు సంజాయిషీ ఇమ్మని నోటీసు వచ్చింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని మూత సందులోంచి జారవిడిచాడు.

ఇలా ఉండగా, కేబులు వేయడానికి రోడ్డు తవ్వుతున్న ఒక కూలీ గునపానికి పెంకు ముక్క తగిలింది. డాబా మీద హైమావతి వదిలేసిన బీటలువారిన ఆవకాయ జాడీ అది. మూడో రోజుకల్లా తవ్వకాల శాఖ వాళ్లు గుడారాలూ, తాళ్లూ, కుంచెలూ పట్టుకుని దిగారు. రెండు నెలలు తవ్వారు. గోడలు బయటపడ్డాయి, కిటికీలు బయటపడ్డాయి, చివరికి నాలుగు మెట్లూ బయటపడ్డాయి. కుంచెలతో దుమ్ము దులుపుకుంటూ వరండాలోకి వచ్చిన ఇద్దరు పనివాళ్లు, పడక కుర్చీలో పేపరు చదువుతున్న వైకుంఠరావుని కూడా దులిపారు. మెడ దగ్గర చక్కిలిగింత పెట్టినా ఆయన కదల్లేదు. తవ్వకంలో కుంచె పని ఎంత ముఖ్యమో ఆయనకి తెలుసు.

తవ్వకాల అధికారిణి చారుమతి నోటుబుక్కు తెరిచి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇల్లు ఎవరిదండీ?"

"నాదేనమ్మా. ఎనభై ఆరులో కట్టాను."

"క్రీస్తు శకం ఎనభై ఆరు," అని ఆమె రాసుకుంది.

"పంతొమ్మిది వందల ఎనభై ఆరమ్మా."

"అంత కొత్త ఇల్లు ఇంత లోతులో ఉండదండీ. మా పట్టిక ప్రకారం పదహారడుగుల లోతంటే పంతొమ్మిది వందల ఏళ్ల పైమాటే."

ఆమె మిగతా గదులు కూడా చూసింది. నాణేలు దొరికాయి. లాటిన్‌లో చేత్తో రాసిన పద్నాలుగు నోటుబుక్కులు దొరికాయి. పెరట్లో రుబ్బురోలుకి ఆలివు నూనె గానుగ అని చీటీ కట్టించింది. జాడీ పెంకుకి రోమను మద్యపు కూజా అని రాయించింది. ఇది మాత్రం వైకుంఠరావు సహించలేకపోయాడు.

"ఆ కూజాకి రెండు చెవులుంటాయమ్మా, అడుగు మొనదేలి ఉంటుంది. ఇది ఆవకాయ జాడీ. వాసన చూడు, తెలుస్తుంది."

"చెవులు విరిగిపోయి ఉంటాయి. మీ అభిప్రాయం కూడా నివేదిక చివర్లో వేస్తాం లెండి," అందామె.

తర్వాత ఆమె రెండు ఫారాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇల్లు ఈ కాలానిదే అయితే మొదటి ఫారం. అప్పుడు గొయ్యి పూడ్చి, రోడ్డు ఎలా ఉన్నది అలా పురపాలక సంఘానికి అప్పగించాలి. ఇరవై రెండో రోడ్డుకి టెండరు ఎప్పుడో ఖరారైంది. ఇల్లు రోమన్ల కాలానిదైతే రెండో ఫారం. అప్పుడు చుట్టూ కంచె వేస్తారు, చుట్టుపక్కల వంద మీటర్ల దాకా ఎవరూ రోడ్డు వేయకూడదు. అయితే అందులో ఉన్నవాళ్లు తాము ఆ కాలంవాళ్లమేనని సంతకం చేసి రేషను కార్డూ ఓటరు కార్డూ వెనక్కి ఇచ్చేయాలి. మొదటి శతాబ్దంలో అవి లేవు.

వైకుంఠరావు పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. జీవితమంతా ఒక్క తప్పు తేదీని సహించని మనిషి. ఇప్పుడు తన తేదీయే తప్పు రాయాలి. ఎవరో పరాయి ఊరి పండితుడు ఎప్పుడో ఈ నివేదిక చదివి నవ్వుతాడేమోనన్న ఊహకే ఆయన చెవులు వేడెక్కాయి. మొదటి ఫారం ముందుకి లాక్కున్నాడు కూడా.

అప్పుడే హైమావతి డాబా మీంచి దిగి వచ్చింది. నెలల తర్వాత ఎండలో నిలబడినందువల్ల ఆవిడ మొహం ఎర్రగా ఉంది. చేతికి గుమ్మడి వడియాల పిండి అంటుకుని ఉంది.

"ఆయన సంగతి ఆయన ఇష్టం. నేను మటుకు రోమనునేనమ్మా," అంది చారుమతితో. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఆవిడ పెట్టేసింది. మొగుడు ఇరవై ఒకటో శతాబ్దంలో, పెళ్లాం మొదటి శతాబ్దంలో ఉంటే కాపురం సాగదు కాబట్టి వైకుంఠరావు కూడా రెండో ఫారం తీసుకున్నాడు. కనీసం పద్ధతిగా ఉంటుందని లాటిన్‌లో సంతకం చేశాడు. అది చూశాక చారుమతికి మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

ఆ వారంలోనే పదేళ్లుగా కదలని మురుగు కాలవ బాగుచేశారు. ప్రాచీన నీటి వ్యవస్థ చెడిపోకూడదని కుళాయికి రాత్రింబవళ్లు నీళ్లు వదిలారు. వీధి దీపం వెలిగింది. దోమలు కట్టడానికి హాని చేస్తాయని మందు కొట్టారు. టమాటాలు అప్పటికి లేవని హైమావతి వంటింట్లోంచి బుట్టెడు పట్టుకుపోయారు. ఆవిడ మొగుడి వైపు చూస్తే, "అది మాత్రం వాళ్లు చేసింది కరెక్టే," అన్నాడాయన.

సందర్శకులు రావడం మొదలైంది. గేటు దగ్గర పెట్టిన బోర్డులో మూడు తప్పులున్నాయి. వైకుంఠరావు వాటిని సవరిస్తూ తవ్వకాల శాఖకి ఇరవయ్యో ఉత్తరం రాశాడు. మొదటి శతాబ్దపు వ్యక్తులతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపే అధికారం తమ కార్యాలయానికి లేదని జవాబు వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు.

ఒక ఆదివారం సాయంత్రం పక్కింటి దర్జీ సుభానీ, తల్లి కాశింబీని చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించి తీసుకొచ్చాడు. వాళ్ల ఇల్లు ఇంకా రోడ్డు కిందే ఉంది. గోడలు చెమ్మ ఊరి, కుట్టడానికిచ్చిన బట్టలు బూజు పడుతున్నాయట.

"మా ఇల్లు ఏ శతాబ్దంలో పడుద్ది సారూ?" అని అడిగాడు సుభానీ.

వైకుంఠరావు టేపు తీసుకెళ్లి కొలిచి వచ్చాడు. పన్నెండడుగులు; వీధిలో అయిదు రోడ్లు పడ్డాక కట్టిన ఇల్లు అది. డైరీ వెనక పేజీలో లెక్క వేశాడు.

"ఆరో శతాబ్దం వస్తుంది. అప్పటికి రోము పడిపోయింది, కానీ తూర్పు వైపు రోమను రాజ్యం ఇంకా ఉంది. దర్జీలు అప్పుడూ ఉన్నారు. కుట్టు మిషను మాత్రం ఎక్కడన్నా దాచెయ్యి."

కాశింబీ ఇదంతా ఓపిగ్గా విన్నది. ఎనభై దాటిన మనిషి, చూపు సరిగా ఆనదు.

"అయితే మేం చచ్చిపోయినట్టు రాసియ్యాలా బాబూ?"

"అక్కర్లేదమ్మా. ఇప్పుడు బతికున్నామని ఎక్కడా చెప్పకపోతే చాలు."

"అంతేగా," అని ఆవిడ మెట్టు మీద చతికిలబడి, వేలిముద్రకి బొటనవేలు చాపింది. "ఇన్నాళ్లూ చెప్పాం, ఎవరు రాసుకున్నారు గనక."